కారు లొడలొడకు, మోతకు, రొదకు ఒకే షీటు మందు కాదు

సాగర్ ఎడమ కాల్వ ఆయకట్టులో, హాలియా, మిర్యాలగూడ వైపు నాట్ల సీజన్లో కారు నడిపినవాళ్లకు ఈ సంగతి బాగా తెలుసు. పొలంలో దమ్ము చేయడానికి బిగించే ఇనుప చక్రాలు, కేజ్ వీల్స్, తీయకుండానే ట్రాక్టర్లు రోడ్డెక్కిన చోటల్లా తారు మీద వరసగా గాట్లు పడి ఉంటాయి. వాటి మీద టైరు పడగానే కారంతా వణుకుతుంది. ఆ వణుకుకు లోపల వదులుగా ఉన్న ప్రతిదీ నోరు విప్పుతుంది. డ్యాష్‌బోర్డు కిర్రుమంటుంది, తలుపు లొడలొడలాడుతుంది, డిక్కీలో జాకీ టకటక కొట్టుకుంటుంది. అదే కారు నార్కట్‌పల్లి దగ్గర 65వ నంబరు జాతీయ రహదారి ఎక్కి 90 దాటిందంటే ఈ చిల్లర చప్పుళ్లేవీ వినపడవు. వాటన్నిటినీ మింగేసి ఒకటే రొద మొదలవుతుంది. పాట సౌండ్ పెంచాల్సి వస్తుంది. వెనక సీట్లో కూర్చున్న పెద్దవాళ్లు ఏదో అంటే రెండోసారి అడిగి చెప్పించుకోవాల్సి వస్తుంది.

ఈ బాధలన్నిటికీ ఒకటే మందు అని చాలామంది నమ్ముతున్నారు. యాక్సెసరీస్ షాపుకు వెళ్లి, తలుపులు విప్పించి, వెండి రంగు షీట్లు అతికించడం. దీన్నే డ్యాంపింగ్ అంటున్నారు. షీటు మంచిదే, దాని పని అది చక్కగా చేస్తుంది. కానీ అది చేసే పని ఒక్కటే. డబ్బు ఖర్చు పెట్టి వచ్చినవాళ్లు "ఏం తేడా లేదు" అని బాధపడేది ఎక్కువగా ఇక్కడే. వాళ్ల కారుకు ఉన్న జబ్బు ఒకటి, వేయించుకున్న మందు ఇంకొకటి. లొడలొడ, మోత, రొద అని మన భాషలో వేరువేరు మాటలున్నట్టే, కారులో వాటి పుట్టుక కూడా వేరే. మందులూ వేరే.

లొడలొడతో మొదలుపెడదాం. రెండు వస్తువుల మధ్య కొంచెం సందు ఉండి, అవి ఒకదానికొకటి తగిలి కొట్టుకుంటే వచ్చేది లొడలొడ. రెండు వస్తువులు ఒకదానికొకటి ఒరుసుకుంటూ, ఒక క్షణం పట్టుకుని మరు క్షణం జారుతూ ఉంటే వచ్చేది కిర్రు. కందెన ఎండిపోయిన ఎడ్లబండి ఇరుసు చేసే చప్పుడు అదే. మొదటిదానికి సందు మూయాలి, లేదా బిగించాలి. రెండోదానికి మధ్యలో మెత్తటి గుడ్డ పట్టీ అయినా పెట్టాలి, కందెన అయినా వేయాలి. ఈ రెంటిలో దేనికీ తలుపు రేకు మీద వేసే బరువైన షీటుతో సంబంధం లేదు. విరిగిన క్లిప్పు, ఎంత షీటు వేసినా, విరిగిన క్లిప్పుగానే ఉంటుంది.

ఈ జిల్లాల్లో లోపలి చప్పుళ్లు ఎక్కువ కావడానికి ఎండ ఒక పెద్ద కారణం. ఏప్రిల్, మే నెలల్లో 45 డిగ్రీలు దాటడం నల్లగొండ వైపు కొత్తేమీ కాదు. ఎండలో నిలిపిన కారులో డ్యాష్‌బోర్డు పైభాగం 70 డిగ్రీల దాకా కాలిపోతుంది. ప్లాస్టిక్ వేడికి ఉక్కు కంటే అయిదారు రెట్లు ఎక్కువగా వ్యాకోచిస్తుంది. మీటరు పొడవున్న ఉక్కు ముక్క 40 డిగ్రీల తేడాకు అర మిల్లీమీటరు సాగితే, అంతే పొడవున్న ప్లాస్టిక్ రెండు మూడు మిల్లీమీటర్లు సాగుతుంది. రెండూ ఒకే చోట బిగించి ఉంటాయి కాబట్టి ఆ తేడాను క్లిప్పులే భరించాలి. రోజూ సాగి, రోజూ ముడుచుకుని, నాలుగు ఎండాకాలాలు గడిచేసరికి క్లిప్పులు పెళుసుబారతాయి. డిసెంబరులో పొద్దున్నే కిర్రుమనే డ్యాష్‌బోర్డు మధ్యాహ్నానికి నోరు మూసుకోవడానికి కూడా కారణం ఇదే. ఎండ పొడకు ప్లాస్టిక్ సాగి సందు మూసుకుపోతుంది. అందుకే వర్క్‌షాపుకు మధ్యాహ్నం తీసుకెళ్తే మెకానిక్‌కు ఏమీ వినపడదు. చప్పుడు ఏ వేళకు వస్తుందో ఆ వేళకే చూపించాలి.

చప్పుడు పట్టుకోవడంలో చెవి మోసం చేస్తుంది, ఇది ముందే తెలుసుకుని ఉండాలి. కారు లోపల గాజు, ప్లాస్టిక్ తగిలి శబ్దం తిరుగుతుంది కాబట్టి ఎడమ పక్క చప్పుడు కుడి పక్క నుంచి వచ్చినట్టు అనిపిస్తుంది. తరచూ కనిపించే ఉదాహరణ ఒకటి ఉంది. డ్రైవరు ఒంటరిగా వెళ్తున్నప్పుడు పక్క తలుపులో టకటకమంటుంది. ఇంట్లోవాళ్లు పక్కన కూర్చోగానే ఆగిపోతుంది. తలుపు ప్యాడ్ విప్పిస్తారు, కొత్త క్లిప్పులు వేయిస్తారు, షీటు కూడా వేయిస్తారు. అయినా టకటక పోదు. చివరికి తేలేది ఏమిటంటే, ఖాళీ సీటు బెల్టు కొనకు ఉన్న ఇనుప నాలుక, తలుపు పక్కనుండే స్తంభం (పిల్లర్) మీది ప్లాస్టిక్‌కు తగిలి కొట్టుకుంటోంది. మనిషి కూర్చుని బెల్టు పెట్టుకుంటే ఆ నాలుక బకిల్‌లోకి వెళ్లిపోతుంది, చప్పుడు ఆగుతుంది. దానికి కావాల్సింది చిటికెడు గుడ్డ టేపు.

అందుకే ముందు కారు ఖాళీ చేయాలి. డోర్ పాకెట్లలో నీళ్ల సీసాలు, టోల్ దగ్గర తీసుకున్న చిల్లర, కళ్లజోడు డబ్బా, డిక్కీలో జాకీ, పానా, గాలి పంపు, అన్నీ దించేయాలి. స్టెప్నీ బోల్టు చేత్తో తిప్పి బిగుతుగా ఉందో లేదో చూడాలి. వెనక నంబరు ప్లేటును వేలితో తట్టాలి. డిక్కీ తలుపు వేసినప్పుడు గలగలమనేది చాలాసార్లు అదే. తరువాత ఒకరు నడుపుతుంటే ఇంకొకరు అనుమానం ఉన్న చోట అరచేత్తో నొక్కి పట్టాలి. నొక్కినప్పుడు ఆగి, వదిలితే మొదలైతే దొంగ దొరికినట్టే. ఊళ్లో సీసీ రోడ్డు మీద 20 వేగంతో, అద్దాలు దించి, గోడల పక్కగా వెళ్తే కింది చప్పుళ్లు గోడకు తగిలి తిరిగి స్పష్టంగా వినపడతాయి. దీనికి పైసా ఖర్చు లేదు, ఒక ఆదివారం పొద్దున చాలు.

కింది నుంచి వచ్చే చప్పుళ్ల దగ్గర మాత్రం కచ్చితంగా ఉండాలి. స్పీడ్ బ్రేకరు మీద ఒక పక్క చక్రం దిగినప్పుడు "టక్కు" మంటే చక్రాన్ని బండికి పట్టి ఉంచే సస్పెన్షన్ భాగాల్లో ఏదో ఒకటి, లింక్ రాడ్డో, లోయర్ ఆర్మ్ బుష్షో, బాల్ జాయింటో, షాక్ అబ్జార్బర్ పైనున్న మౌంటో అరిగి ఉండవచ్చు. హైదరాబాద్–శ్రీశైలం దారిలో మన్ననూరు దాటాక అడవిలో వరస స్పీడ్ బ్రేకర్లు ఎక్కి దిగేటప్పుడు ఇవి బాగా బయటపడతాయి. వేగంతో పాటు పెరిగే గుంయ్‌మనే శబ్దం, స్టీరింగ్ ఒక పక్కకు కోసినప్పుడు పెరిగి రెండో పక్కకు కోసినప్పుడు తగ్గితే వీల్ బేరింగ్‌ను అనుమానించాలి. రోడ్డు మారగానే శబ్దం మారితే అది టైరుది. ఇవి కారు చెబుతున్న హెచ్చరికలు. వీటిని విప్పి చూడకుండా నేల మీద షీట్లు పరిపించుకోవడమంటే జ్వరం వస్తే థర్మామీటరు దాచిపెట్టడం లాంటిది. బాల్ జాయింటు ఊడితే చక్రం పక్కకు వాలిపోతుంది. కుటుంబాన్ని ఎక్కించుకుని తిరిగే బండి విషయంలో ఆ రిస్క్ ఎవరూ తీసుకోకూడదు. షీట్ల షాపుకు వెళ్లే ముందు ఒకసారి బండిని లిఫ్టు ఎక్కించి కింద చూపించాలి.

ఇక మోత, అంటే రేకు ఊగి మోగే చప్పుడు. డ్యాంపింగ్ షీటు నిజంగా పనిచేసేది ఇక్కడే.

కారు బయటి రేకు మందం దాదాపు 0.7 మిల్లీమీటరు. అంత పలుచటి రేకు వెడల్పుగా పరుచుకుని, మధ్యలో ఏ ఆధారమూ లేకుండా ఉంటే అది డప్పు తోలులాంటిదే. డప్పును మంట దగ్గర కాచేది ఎందుకు? తోలు బిగిసి ఖంగుమని మోగడానికి. అదే తోలు తడిసి బరువెక్కితే, ఎంత కొట్టినా దబ్బుమంటుంది తప్ప మోగదు. తలుపు రేకుకు షీటు వేయడమంటే ఆ తోలును తడపడమే. బ్యూటైల్ అనే రబ్బరు పొర, దాని మీద అల్యూమినియం రేకు, ఇదీ షీటు నిర్మాణం. తలుపు రేకు వంగినప్పుడల్లా, పైన అల్యూమినియం పట్టి ఉంచడం వల్ల, మధ్యలో ఇరుక్కున్న రబ్బరు నలుగుతుంది. ఆ నలుగుడులో కదలిక కాస్తా వేడిగా మారి ఖర్చయిపోతుంది. అల్యూమినియం ఊరికే మెరుపు కోసం కాదు. అది లేకపోతే రబ్బరు రేకుతో పాటు ఊగుతుంది తప్ప నలగదు. అందుకే అల్యూమినియం మరీ కాగితంలా ఉన్న షీటు చూడడానికి బాగున్నా పని తక్కువ చేస్తుంది.

దీని నుంచి ఇంకో విషయం తేలుతుంది. మోత ఆపడానికి రేకంతా కప్పాల్సిన పని లేదు. రేకు ఎక్కడ ఎక్కువ ఊగుతుందో అక్కడ, అంటే నడిమధ్యలో, విస్తీర్ణంలో నాలుగోవంతు నుంచి సగం దాకా వేస్తే ఫలితంలో ఎక్కువ భాగం వచ్చేస్తుంది. తరువాత వేసే ప్రతి ముక్కకూ లాభం తగ్గుతూ పోతుంది, బరువు మాత్రం పెరుగుతూనే ఉంటుంది. రెండు మిల్లీమీటర్ల షీటు చదరపు మీటరుకు ఇంచుమించు మూడు కిలోలు తూగుతుంది. కారంతా గోడలు అలికినట్టు వేయిస్తే ఇరవై కిలోలకు పైగా పెరుగుతుంది. షాపువాళ్లు నూరు శాతం కవరేజీ అని చెబితే, ముందు వేలి కణుపుతో తట్టి చూడండి. వేయకముందు ఖాళీ బియ్యం డబ్బాలా మోగిన తలుపు, మధ్యలో ఒక్క ముక్క వేయగానే దబ్బుమంటే, మిగతాది ఎంత కావాలో చెవే చెబుతుంది.

షీటు రకం దగ్గర మన ఎండను మరిచిపోకూడదు. చవగ్గా దొరికేవాటిలో చాలావరకు తారు కలిసినవి. కంపెనీలు కూడా కారు నేల మీద తారు ప్యాడ్లు వేస్తాయి, కానీ అవి ఫ్యాక్టరీలో రేకు మీద కాల్చి అతికించినవి, అడ్డంగా పరుచుకుని ఉంటాయి. తలుపు లోపల నిలువుగా, పైకప్పు కింద తలకిందులుగా తారు షీటు వేస్తే మిర్యాలగూడ మే నెల ఎండకు అది మెత్తబడి జారుతుంది, కారు లోపల కొత్త రోడ్డు వాసన వస్తుంది. ఊడి అద్దం నడిచే దారిలో పడితే పవర్ విండో పట్టేస్తుంది. బ్యూటైల్ కూడా వేడెక్కేకొద్దీ మెత్తబడి పనితనం కొంత తగ్గుతుంది, కానీ ఊడిరాదు. డబ్బు తక్కువ ఉంటే నాలుగు తలుపులకు తారు షీటు వేయించే బదులు, ముందు రెండు తలుపులకే బ్యూటైల్ వేయించడం మేలు.

పని ఎలా జరగాలో దగ్గరుండి చూస్తే మంచి చేతికీ, తొందర చేతికీ తేడా తెలిసిపోతుంది. డోర్ ప్యాడ్ ఊడదీయగానే నల్ల జిగురుతో అంటించిన పాలిథీన్ కాగితం కనిపిస్తుంది. అది ప్యాకింగ్ కాగితం కాదు. అద్దం పక్క నుంచి తలుపు లోపలికి దిగే వాన నీరు కారులోకి రాకుండా ఆపేది అదే. దాన్ని చింపి పారేస్తే తొలకరికే కార్పెట్ తడుస్తుంది. కాగితం పక్కకు తీసి, లోపలి రేకుకున్న రంధ్రాల గుండా చెయ్యి పెట్టి బయటి రేకు లోపలి ముఖాన్ని ముట్టుకుంటే, ఎర్రమట్టి రోడ్ల మీద తిరిగిన కారైతే, వేళ్లకు పొడరు లాంటి దుమ్ము అంటుకుంటుంది. ఆ దుమ్ము మీద షీటు వేస్తే షీటు దుమ్ముకు అంటుకుంటుంది, రేకుకు కాదు. తడిబట్టతో రెండుసార్లు, ఆరాక స్పిరిట్‌తో ఒకసారి తుడవాలి. తరువాత ముక్క అంటించి చిన్న రోలరుతో గట్టిగా రుద్దాలి. అల్యూమినియం మీద ఉన్న చిన్న చిన్న బుడిపెలు చదునయ్యేదాకా రుద్దాలి, పూర్తిగా అతుక్కుందనడానికి గుర్తు అదే. అరచేత్తో నాలుగు దెబ్బలు వేసి ప్యాడ్ మూసేస్తే లోపల గాలి బుడగలు మిగిలిపోతాయి.

పసుపు రంగు కనెక్టర్లు కనిపిస్తే అవి ఎయిర్‌బ్యాగుకు సంబంధించినవి. వాటి జోలికి అలవాటు లేనివాళ్లు వెళ్లకూడదు. పక్క అద్దాల మీదుగా తెరలా దిగే కర్టెన్ ఎయిర్‌బ్యాగులున్న కారులో పైకప్పు అంచుల వెంట ఏదీ అతికించకూడదు. వానకు కప్పు దడదడలాడడం షీటుతో బాగా తగ్గే మాట నిజమే, కానీ కప్పు లైనింగ్ దించి మళ్లీ మడత పడకుండా ఎక్కించడం అందరి చేతా అయ్యే పని కాదు.

అసలు కష్టం రొద దగ్గర వస్తుంది. ఇక్కడే ఆశలు ఎక్కువ, ఫలితాలు తక్కువ. రొద అంటే గాలి మోసుకొచ్చే శబ్దం, టైరు నుంచి, అద్దాల అంచుల నుంచి. దీన్ని ఆపాలంటే బరువున్న అడ్డు కావాలి, సందులు మూయాలి. అడ్డు బరువు రెట్టింపు చేస్తే మహా అయితే ఆరు డెసిబెల్స్ (శబ్దాన్ని కొలిచే కొలత) తగ్గుతుంది. కారు రేకే చదరపు మీటరుకు ఐదున్నర కిలోలుంటుంది. దాన్ని రెట్టింపు చేయడమంటే ఎంత బరువు మోయాలో ఊహించుకోవచ్చు.

డెసిబెల్ లెక్క కూడా మనం అనుకున్నట్టు నడవదు. బోనాల ఊరేగింపులో పది డప్పులు మోగుతున్నాయనుకుందాం. అయిదుగురు ఆపేస్తే తగ్గేది మూడు డెసిబెల్సే, చెవికి కొంచెం తగ్గినట్టు అనిపిస్తుంది, అంతే. తొమ్మిది మంది ఆపి ఒక్కరే కొడుతుంటే పది డెసిబెల్స్ తగ్గుతుంది, అప్పుడు గానీ చెవి "సగమైంది" అనుకోదు. కారులోనూ అంతే. టైరు రొద, గాలి రొద సమానంగా ఉన్నాయనుకుంటే, గాలి రొదను మొత్తంగా మాయం చేసినా తగ్గేది మూడు డెసిబెల్సే. బాగా చేసిన పనితో మూడు నాలుగు డెసిబెల్స్ తగ్గితే అది మంచి పని కిందే లెక్క. తలుపు వేసినప్పుడు పెద్ద కారు చప్పుడు వస్తుంది, స్పీకర్ల బేస్ శుభ్రంగా వినిపిస్తుంది, మాట వినపడుతుంది. సగానికి సగం నిశ్శబ్దం అని ఎవరైనా మాట ఇస్తే నమ్మనక్కరలేదు.

దీని పక్కన వేగం సంగతి పెట్టి చూడాలి. గాలి రొద శక్తి వేగానికి అయిదో, ఆరో ఘాతంలో పెరుగుతుంది. జడ్చర్ల దాటి 44వ నంబరు రహదారి మీద పెబ్బేరు వైపు 100 మీద వెళ్తున్న కారును 80కి తగ్గిస్తే గాలి రొద ఒక్కటే దాదాపు అయిదారు డెసిబెల్స్ పడిపోతుంది.

టైర్లు రెండో పెద్ద సంగతి. 60 దాటాక కారులో వినపడే దాంట్లో పెద్ద వాటా వాటిదే. చాలాకాలం తిప్పి మార్చకుండా నడిపిన టైరు మీద అరచెయ్యి పెట్టి ముందుకొకసారి, వెనక్కొకసారి నిమిరితే, ఒక వైపు నున్నగా, రెండో వైపు రంపం పళ్లలా తగులుతుంది. గుంయ్ గుంయ్ మనేది ఆ పళ్లే. ఎనిమిది, పది వేల కిలోమీటర్లకు ఒకసారి టైర్లు ముందువి వెనక్కి మార్చుకోవడం, పొద్దున్నే టైరు చల్లగా ఉన్నప్పుడు కంపెనీ చెప్పినంతే గాలి పెట్టుకోవడం, మళ్లీ కొనేటప్పుడు బండలాంటి టైరు కాకుండా మెత్తటి నడకకు పేరున్నది చూసుకోవడం, ఇవి షీట్ల కంటే ఎక్కువ పనిచేస్తాయి.

సందుల విషయంలో మన చెరువు కట్టే పాఠం. కట్ట ఎంత బలంగా ఉన్నా ఒక్క ఎలుక బొరియ చాలు. తలుపు విస్తీర్ణంలో నూరోవంతు సందున్నా, మిగతాదంతా ఇనుప గోడైనా సరే, ఇరవై డెసిబెల్స్ కంటే ఎక్కువ ఆగదు. తలుపు చుట్టూ ఉండే రబ్బరు బీడింగ్ ఎండకు గట్టిపడి, దుమ్ముకు అరిగి చదునైపోతుంది. కాగితం ముక్క పెట్టి తలుపు వేసి లాగి చూడాలి. సాఫీగా జారివస్తే అక్కడ బీడింగ్ మార్చాలి. ఇంజిన్ వైపు గోడలో వైర్లు దూరే చోట ఉండే రబ్బరు బిళ్లలను పల్లెల్లో ఎలుకలు కొరికేస్తాయి. ఇంజిన్ చప్పుడుతో పాటు దుమ్ము కూడా అక్కడి నుంచే లోపలికి వస్తుంది. బీడింగ్‌కు సిలికోన్ కందెన రాయవచ్చు. ఇంట్లో ఉంది కదా అని ఇంజిన్ ఆయిలు, గ్రీజు పూస్తే రబ్బరు ఉబ్బి పాడవుతుంది.

ఇంటి వైద్యాలు ఇంకా కొన్ని ఉన్నాయి. చుట్టూ పత్తి పండే చోట తలుపుల్లో దూది కూరడం సులువుగా తోచే ఆలోచన. దూది శబ్దాన్ని కొంత పీల్చే మాట నిజమే, కానీ తలుపు లోపలికి నీళ్లు వస్తాయి. తడిసిన దూది రేకును తుప్పు పట్టిస్తుంది, ఆరిన దూది ఎలుకకు పరుపవుతుంది, సైలెన్సరు దగ్గరైతే నిప్పంటుకోవచ్చు. థర్మోకోల్ శబ్దాన్ని దాదాపు పీల్చదు, పైగా అదే కిర్రుకిర్రుమంటుంది. డ్రైవరు కాళ్ల దగ్గర మ్యాట్ మీద మ్యాట్ వేయడం వీటన్నిటికంటే ప్రమాదం, యాక్సిలరేటర్ దాని కింద పట్టేస్తే బండి ఆగదు. నీళ్లు పీల్చని మూసిన గదుల (క్లోజ్డ్ సెల్) ఫోమ్, తలుపు ప్యాడ్‌కూ రేకుకూ మధ్య పలుచగా వేస్తే చాలు.

ఫలితం చూసుకోవడానికి ఫోన్‌లో శబ్దం కొలిచే యాప్ సరిపోతుంది, అంకె కచ్చితంగా లేకపోయినా పోల్చడానికి పనికొస్తుంది. పనికి ముందూ తరువాతా అదే రోడ్డు, అదే 80 వేగం, ఏసీ ఫ్యాన్ అదే నంబరు మీద, ఫోన్ అదే చోట ఉండాలి. ఆ తరువాత తొలి వానకు తలుపుల అడుగు అంచున ఉండే చిన్న రంధ్రాల కింద వేలు పెట్టి చూడాలి. అక్కడి నుంచి నీళ్లు బొట్లు బొట్లుగా కారుతుండాలి. వాన పడుతున్నా ఆ రంధ్రాలు పొడిగా ఉంటే, షీటు ముక్కో మట్టో అడ్డం పడి నీళ్లు లోపలే నిలిచాయన్నమాట. ఆ తలుపు ప్యాడ్ ఆ వారంలోనే మళ్లీ విప్పించాలి.